నర్సు మామ్మ గురించి మా సంఘం మాట

 

ప్రతి ఏడాదీ ఈ సర్వసభ్య సమావేశంలో మేము పొదుపు ఎంత, లింకేజీ ఎంత, రికవరీ ఎంత అని చదివి దిగిపోతాం. ఆ లెక్కలు ఈసారి కూడా పుస్తకం వెనక పేజీల్లో ఉన్నాయి, చూసుకోండి. వాయిదా ఒక్కటీ తప్పలేదు. ఈసారి మాత్రం మాకిచ్చిన సమయం మొత్తం ఒక మనిషి గురించి మాట్లాడతామని అడిగాం, సమాఖ్య ఒప్పుకుంది. చివర్లో ఒక తీర్మానం గురించి కూడా మీ ముందు పెడతాం. దాని కోసమే వచ్చాం అనుకున్నా తప్పు లేదు.

మాది దివిసీమలో సముద్రం వైపు ఊరు. మా సంఘంలో 11 మందిమి. అందులో ఏడుగురం ఒకే మనిషి చేతుల్లో పుట్టాం. ఆవిడ మా ఊరి సబ్‌సెంటరులో ఏఎన్ఎంగా చేసిన నర్సమ్మ గారు. పెద్దవాళ్ళు నర్సమ్మ అనేవాళ్ళు, మేమంతా నర్సు మామ్మ అనేవాళ్ళం. కన్న మనవరాలు మాలో ఒక్కరే. కానీ ఆ ఒక్కరినీ "మీ మామ్మ ఎలా ఉంది" అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు, "మామ్మ ఎలా ఉంది" అనే అడిగేవాళ్ళు. పోయిన ఏడాది కార్తీక మాసంలో 89 ఏళ్ళు వచ్చి మామ్మ వెళ్ళిపోయింది. "వెళ్ళిపోయారు" అనాలి, సభ కదా. కానీ మేమెప్పుడూ ఆవిడను అలా పిలవలేదు. ఇప్పుడు కొత్తగా మర్యాద పెడితే వేరే ఎవరి గురించో చెప్తున్నట్టు ఉంటుంది. కాబట్టి వచ్చింది, చెప్పింది అనే అంటాం, పెద్దలు ఏమీ అనుకోవద్దు.

మామ్మ పుట్టింది 1934లో, గుడివాడ వైపు. పదిహేనేళ్ళకు పెళ్ళి, పదహారేళ్ళకు కొడుకు, పదిహేడేళ్ళకు భర్త పోయాడు. అత్తింట్లో ఉండమనలేదు, పుట్టింట్లో పొమ్మనలేదు, అంతే. ఎనిమిదో తరగతి చదివి ఉండటం వల్ల ఎవరో చెప్తే నర్సు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టింది. ఆ రోజుల్లో ఏఎన్ఎం ట్రైనింగు రెండేళ్ళు. చంటి పిల్లాడిని తల్లి దగ్గర వదిలి గుంటూరు వెళ్ళింది. "మగాళ్ళ ఒళ్ళు ముట్టుకునే పని, రాత్రిళ్ళు తిరిగే పని" అని బంధువులు రెండేళ్ళు మాట్లాడలేదట. "రెండేళ్ళు ప్రశాంతంగా చదువుకున్నా" అని మామ్మ నవ్వేది.

1957లో మా వైపు పోస్టింగు వచ్చింది. అప్పటికి మా ఊరికి సరైన రోడ్డు లేదు. కాలవ గట్టు మీద నడక, లేకపోతే పడవ. ఎదురుమొండి లంకల వైపు పిలుపొస్తే పడవ కోసం రేవులో కూర్చోవడమే. తెల్ల చీర, నల్ల గొడుగు, ఒక తోలు సంచి. ఆ సంచిలో ఏముండేదో మాకు కంఠతా వచ్చు, ఎందుకంటే చిన్నప్పుడు దాన్ని ముట్టుకుంటే వీపు మోగేది. కత్తెర, బొడ్డు కట్టే దారం, గాజు సిరంజీలు, వాటిని మరగబెట్టే స్టీలు డబ్బా, చిన్న కిరసనాయిలు స్టవ్వు, పిల్ల బరువు చూసే స్ప్రింగు త్రాసు, చూలింత కడుపు మీద పెట్టి బిడ్డ గుండె వినే బాకా లాంటి గొట్టం, సబ్బు, గోళ్ళు తీసే కత్తి. గోళ్ళు తీసే కత్తి ఆవిడ కోసం కాదు, మంత్రసానుల కోసం.

అది కొంచెం చెప్పాలి. అప్పట్లో పురుడంటే మంత్రసానే. బొడ్డు కొయ్యడానికి కొడవలో, పాత బ్లేడో, దొరికింది వాడేవాళ్ళు. కోసిన చోట పేడ బూడిద అద్దేవాళ్ళు. ఆరో రోజో ఎనిమిదో రోజో బిడ్డ పాలు పట్టడం మానేసేది, దవడలు బిగుసుకుపోయి, ఒళ్ళు విల్లులా వంగిపోయి చచ్చిపోయేది. దాన్ని పురిటి దోషం అనో గాలి సోకిందనో అనేవాళ్ళు. అది ధనుర్వాతం. మామ్మ వచ్చి మంత్రసానులతో పోట్లాడలేదు. వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుంది. చేతులు సబ్బుతో మోచేతి దాకా కడగడం, గోళ్ళు తీసుకోవడం, బ్లేడూ దారమూ మరిగించడం, బొడ్డు మీద ఏమీ పెట్టకపోవడం, ఈ నాలుగే నేర్పింది. "వాళ్ళ చేతుల్లో పని ఉంది, మురికి కూడా ఉంది. మురికి తీసేస్తే చాలు" అనేది. తర్వాత తల్లులకు ధనుర్వాతం ఇంజెక్షన్లు వచ్చాయి. ఇప్పుడు మన పిల్లలు ఆ జబ్బు పేరు కూడా వినలేదు. మా అమ్మల తరంలో ఆ జబ్బుతో చెల్లెలో తమ్ముడో పోని ఇల్లు మా వీధిలో లేదు.

ఇక్కడే ఇంకో మాట. పురుడు పోయించుకునేటప్పుడు మామ్మ ఏ కులమని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. బిడ్డ కెవ్వుమన్నాక అడిగేవాళ్ళు. కొన్ని ఇళ్ళల్లో పెరటి తలుపు నుంచి రమ్మని, పెరటి తలుపు నుంచే పొమ్మనేవాళ్ళు. రాత్రంతా మేలుకుని, తెల్లారి మంచినీళ్ళు అడిగితే దోసిలి పట్టమన్నారట ఒకింట్లో. మామ్మ దోసిలి పట్టలేదు, కాలవ దగ్గరకు పోయి తాగింది. ఆ ఇంటికి మళ్ళీ నాలుగు పురుళ్ళకు వెళ్ళింది. ఎందుకు వెళ్ళావు మామ్మా అని మేము కోపంగా అడిగితే, "పుట్టేవాడు నన్నేమన్నాడే" అంది. మాకు ఇప్పటికీ ఆ జవాబు పూర్తిగా నచ్చదు. మేమైతే వెళ్ళం అనుకుంటాం. కానీ వెళ్ళింది కాబట్టి ఆ నలుగురూ బతికారు.

మశూచి గురించి కూడా చెప్పేది. మీలో యాభై దాటినవాళ్ళ జబ్బ మీద చూసుకోండి, టీకా మచ్చ ఉంటుంది. ఆ టీకాలవాళ్ళు ఊళ్ళోకి వస్తే జనం పిల్లల్ని గాదెల్లో దాచేవాళ్ళట, అమ్మవారికి కోపం వస్తుందని. మామ్మ ముందు తన కొడుక్కి వేయించి, వాడిని చంకనెత్తుకుని వీధి వీధీ తిప్పింది. మన దేశంలో ఆఖరి మశూచి కేసు 1975 మే నెలలో వచ్చింది. ఆ తర్వాత లేదు. "నా సర్వీసులో ఒక జబ్బు చచ్చిపోయింది, రెండోది కూడా చూసి పోతా" అనేది. రెండోది పోలియో. 1995లో పల్స్ పోలియో మొదలయ్యేటప్పటికి మామ్మ రిటైరయ్యి మూడేళ్ళు. అయినా చుక్కల రోజు పొద్దున్నే బూతులో కుర్చీ వేసుకుని కూర్చునేది, ఎవరు పిలిచినా పిలవకపోయినా. 2014 మార్చిలో మన దేశంలో పోలియో లేదని ప్రకటించారని టీవీలో వచ్చిన రోజు మా అందరికీ బెల్లం పంచింది. మేము అప్పుడు లోను కాగితాల హడావిడిలో ఉండి, ఎందుకు పంచుతుందో సరిగ్గా వినకుండానే తిన్నాం.

ఇక ఉప్పెన. మా దివిసీమలో కాలాన్ని రెండుగా చెప్తాం, ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అని. 1977 నవంబరు 19, శనివారం. సముద్రం తాటిచెట్టంత ఎత్తున లేచి ఊళ్ళ మీద పడింది. పది వేల మందికి పైగా పోయారు. తాటిచెట్టు పట్టుకున్నవాళ్ళు, డాబా ఎక్కినవాళ్ళు మిగిలారు. మామ్మ ఆ సాయంత్రం బడి డాబా మీద ఉంది, ఎందుకంటే అక్కడ ఒక పురిటి మనిషిని చేర్చి ఉంచారు. ఆ రాత్రి గురించి మామ్మ మాతో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పిందంతా మర్నాటి నుంచే. బావులన్నీ ఉప్పు నీళ్ళు, శవాలు. సాయం అందేదాకా కొబ్బరి బొండాల నీళ్ళు. తర్వాత కలరా ఇంజెక్షన్లు వచ్చాయి, బ్లీచింగు వచ్చింది. సిరంజీలు మరగబెట్టడానికి ఎండు పుల్ల దొరకలేదు. బడి బెంచీ విరగ్గొట్టి పొయ్యిలో పెట్టింది. దానికి తర్వాత సంజాయిషీ అడుగుతూ ఒక కాగితం వచ్చిందట! ఎక్కడి నుంచి వచ్చిందో వద్దులెండి. మామ్మ ఒకే వాక్యం రాసి పంపింది, "బెంచీ ఒకటి, ఇంజెక్షన్లు ఆరు వందలు" అని.

ఇప్పుడు పుస్తకాల దగ్గరకు వస్తాం.

మామ్మ ప్రభుత్వం ఇచ్చిన రిజిస్టరు కాక సొంతంగా ఒక లెక్క రాసుకునేది. పొడుగు నోటు పుస్తకాలు, ఏడు. మొదటి పురుడు నుంచి వరసగా నంబర్లు. తేదీ, తల్లి పేరు, ఎన్నో కాన్పు, మగో ఆడో, బరువు, తల్లి ఎలా ఉంది. ఆఖరి నంబరు 2,316. ఉప్పెనలో మొదటి మూడు పుస్తకాలు ట్రంకు పెట్టెలో తడిసిపోయాయి. సిరా పాకిపోయింది. మామ్మ వాటిని ఆరబెట్టి, కనపడ్డ అక్షరాలు చూసుకుంటూ, కనపడని వాటికి ఇంటింటికీ పోయి అడుగుతూ మళ్ళీ రాసింది. అడగడానికి మనిషి మిగలని చోట నంబరు మాత్రం వేసి పక్కన ఒక చుక్క పెట్టింది. మూడో పుస్తకంలో కొన్ని పేజీల నిండా చుక్కలే ఉన్నాయి.

ఈ పుస్తకాలు ఎంత పని చేశాయో మీకు తెలియాలి. మన ఆడవాళ్ళలో చాలామందికి పుట్టిన తేదీ ఎక్కడా ఉండదు. ఉప్పెన ఏడాది పుట్టింది, పెద్ద కరువులో పుట్టింది అంటారు. పింఛను కోసం వయసు చూపించమన్నప్పుడు, ఆధారులో పుట్టిన సంవత్సరం తప్పు పడినప్పుడు, బళ్ళో చేర్పించేటప్పుడు, అందరూ మామ్మ అరుగు దగ్గరకే వచ్చేవాళ్ళు. మామ్మ కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి వెతికి, తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చేది. అది సర్కారు సర్టిఫికెట్ కాదు, కానీ విచారణకు వచ్చినవాళ్ళు ఆ చీటీ చూసి ఎవరూ కాదనలేదు.

ఇంకో పని కూడా చేశాయి. ఆడపిల్లకు పద్దెనిమిది నిండాకే పెళ్ళి చెయ్యాలని చట్టం 1978లో వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన ఎవరాగారు? మా ఊళ్ళో ఎవరికైనా సంబంధం కుదిరిందని తెలిస్తే మామ్మ ఆ పుస్తకం చంకన పెట్టుకుని తాంబూలాలకు వెళ్ళేది. పిలవకపోయినా వెళ్ళేది. పెళ్ళివారి ముందే పేజీ తీసి "ఈ పిల్ల నా చేతుల్లో పుట్టింది ఫలానా రోజు, ఇంకా పదిహేను నిండలేదు, ఇదిగో" అని చదివేది. అరవదు, తిట్టదు. చదివి కూర్చుంటుంది, కాఫీ ఇస్తే తాగుతుంది. లేచి వెళ్ళదు. మాలో ఒకరికి అలా ఆగిపోయింది. ఆ పిల్ల పదో తరగతి పాసయ్యింది. ఇప్పుడు మా సంఘం పుస్తకాలు రాసేదీ, బ్యాంకులో మేనేజరు గారితో మాట్లాడేదీ ఆ పిల్లే. అప్పుడు ఏడాది పాటు ఆ పిల్ల తండ్రి మామ్మతో మాట్లాడలేదు. తర్వాత ఆయన జ్వరాలకు ఇంజెక్షన్ మామ్మే వేసింది. కొంచెం గట్టిగా పొడిచిందని మా అనుమానం.

ఎందుకంత పట్టుదల అంటే, ఆ పుస్తకాల్లో ఎర్ర సిరా రాతలు పదకొండు ఉన్నాయి. మిగతా అంతా నీలం. ఎర్రవి పురిట్లో పోయిన తల్లులు. పదకొండు మందిలో ఆరుగురికి పద్దెనిమిది నిండలేదు. మాలో ఒకరి మేనత్త అందులో ఉంది, పదహారేళ్ళు. బిడ్డ పుట్టింది, మాయ పడలేదు, రక్తం ఆగలేదు. ఇంజెక్షన్ చేసింది, కడుపు మర్దన చేసింది. పడవ కట్టించింది. పడవ రేవు దాటక ముందే ప్రాణం పోయింది. ఒంట్లో రక్తం ముందే లేదు ఆ పిల్లకు, కాబట్టి పోయిన కాస్త రక్తానికే పోయింది. మామ్మకు ఆ పదకొండు నంబర్లూ పుస్తకం చూడకుండా వచ్చు. ఎనభై దాటాక మా పేర్లు అప్పుడప్పుడూ తడబడేది గానీ ఆ నంబర్లు తడబడలేదు.

ఇప్పుడు 108 ఉంది, 2005 నుంచి తిరుగుతోంది. ఆశాలు ఉన్నారు. మా ఊళ్ళో ఇంట్లో పురుడు జరిగి చాలా ఏళ్ళయింది. అది మామ్మకు సంతోషమే. కానీ ఒక రోజు మేమొక సర్వే కాగితం చదివి వినిపించాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రాలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తం తక్కువ అని ఉంది. కడుపు కోసి తీసిన కాన్పులు నూటికి 42. మామ్మ చాలాసేపు ఏమీ అనలేదు. "ఆస్పత్రులు వచ్చాయి, రక్తం రాలేదు" అంది. ఆ నెల నుంచే మా సంఘం మీటింగులో ఐరన్ మాత్రలు ఎవరింట్లో అటక మీద పడి ఉన్నాయో అడిగే పద్ధతి పెట్టాం. అడిగితే నవ్వుతారు. మలబద్ధకం అంటారు, నల్లగా విరోచనం అవుతుందంటారు. అన్నం తిన్న గంట తర్వాత, టీ కాఫీలకు దూరంగా, నిమ్మకాయ నీళ్ళతో వేసుకోమని మామ్మ చెప్పిన మాటే చెప్తున్నాం.

కుటుంబ నియంత్రణ టార్గెట్ల కాలం గురించి త్వరగా చెప్పి ముందుకు పోతాం, ఎందుకంటే మామ్మకు ఆ మాట ఇష్టం ఉండేది కాదు. నెలకిన్ని కేసులు తేవాలి, తేకపోతే జీతం ఆపుతామనేవాళ్ళట. 1976లో మరీ ఎక్కువ. మామ్మ జీతం రెండు నెలలు ఆగింది. 1996 ఏప్రిల్ నుంచి ఆ పద్ధతి తీసేశారు, అప్పటికి మామ్మ సర్వీసు అయిపోయింది. "నేను పోయించిన బిడ్డను లెక్క పెట్టుకున్నా, తెచ్చిన కేసుల్ని లెక్క పెట్టుకోలేదు" అంది ఒకే ఒక్కసారి.

1992లో రిటైరయ్యింది. కొడుకు హైదరాబాదు రమ్మన్నాడు. వెళ్ళి ఇరవై రోజులుండి వచ్చేసింది, అక్కడ ఎవరి బరువూ చూసే పని లేదని. మా అమ్మల డ్వాక్రా గ్రూపుకు పుస్తకాలు రాసింది మామ్మే. ఎవరు ఎంత కట్టారో, ఎవరు ఎంత తీసుకున్నారో, ఎందుకు తీసుకున్నారో కూడా రాయించేది. "ఎందుకు" అనే గడి మాకు ఎవరూ చెప్పలేదు, మామ్మ గీసింది. అందులో చూస్తే మొదటి మూడేళ్ళలో తీసుకున్న అంతర్గత అప్పుల్లో సగానికి సగం జబ్బులకే.

ఇప్పుడు అసలు మాట.

2022 జూన్‌లో మామ్మ బాత్రూములో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గానీ కొన్నాళ్ళకే మంచం పట్టింది. పదిహేడు నెలలు. కొడుక్కే డెబ్బై దాటాయి, ఆయనకే గుండె జబ్బు. మనవరాలు ఒక్కతే. ఇంట్లో ఇద్దరు పిల్లలు, భర్త రొయ్యల చెరువు కాపలా. మొదటి నెలలోనే ఆ పిల్ల ఎముకలు తేలిపోయింది. సంఘం మీటింగులో మేము ఒక మాట అనుకున్నాం, వంతులు వేసుకుందామని.

అందరూ వెంటనే సరే అన్నారని చెప్తే అబద్ధం. ఒకరు "బంధువులున్నారు కదా, మనకెందుకు" అన్నారు. ఇంకొకరు "నేను రొయ్యల షెడ్డుకు పోకపోతే ఆ పూట పొయ్యి వెలగదు, వంతు ఎలా వేసుకోను" అన్నారు. రెండో మాట న్యాయమైన మాట. ఇది మంచం మీద ఉన్న మామ్మ చెవిన పడింది. మమ్మల్ని పిలిపించింది. "వంతుకు వచ్చేవాళ్ళకు కూలి ఇవ్వాలి, నా పింఛనులోంచి. ఊరికే చేస్తామంటే వద్దు" అంది. మాకు సిగ్గేసింది, మామ్మకు చేసి డబ్బు తీసుకోవడమేమిటని. మామ్మకు కోపం వచ్చింది. "నన్నూ మొదట్లో సేవ, సేవ అన్నారు. సేవ అన్నప్పుడల్లా జీతం ఆలస్యమయ్యేది. ఇది పని. పగలు ఇంత, రాత్రి ఇంత అని రాయండి" అని రేటు తనే చెప్పింది. పగలుకు 150, రాత్రికి 200. మినిట్స్ పుస్తకంలో రాసి అందరం సంతకాలు పెట్టాం. కూలి అవసరం లేనివాళ్ళం నలుగురం మా వంతు డబ్బు సంఘంలోనే జమ చేశాం.

ఆ పదిహేడు నెలలూ మంచం మీద ఉన్న మనిషే మాకు నర్సు పని నేర్పింది. రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, గడియారం చూసి. మనిషిని లాగకూడదు, కింద వేసిన దుప్పటి పట్టుకుని ఇద్దరు కలిసి జరపాలి, లేకపోతే చర్మం రాసుకుపోతుంది. మడమలు, తుంటి, నడుం కింద ఎముక, మోచేతులు రోజూ చూడాలి. ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, ఇక అటువైపు పడుకోబెట్టకూడదు. ఆ ఎర్రటి చోట మర్దన చెయ్యకూడదు. నోరు కడగాలి, పళ్ళు లేకపోయినా. నీళ్ళు తాగించేటప్పుడు తల వెనక్కి వాల్చకూడదు, గడ్డం కిందికి ఉండాలి. మూత్రం రంగు ముదిరితే నీళ్ళు చాలడం లేదని గుర్తు. గుడ్డలు మార్చేటప్పుడు తలుపు వెయ్యాలి, ఎంత ముసలిదైనా. "నేను రెండు వేల మందిని బట్టల్లేకుండా చూశాను, ఒక్కరి గురించీ బయట మాట్లాడలేదు. మీరు నా గురించి మాట్లాడొద్దు" అంది. మాట్లాడలేదు, ఇప్పుడు కూడా ఇంతకంటే చెప్పం.

పదిహేడు నెలలు మంచంలో ఉండి మామ్మ ఒంటి మీద ఒక్క పుండు లేకుండా వెళ్ళింది. ఆఖరి రోజు చూడటానికి వచ్చిన ఏఎన్ఎం గారు వీపు తిప్పి చూసి, "ఇది ఎవరు చూసుకున్నారు" అని అడిగింది. మా పదకొండు మందికీ అంతకంటే పెద్ద రేటింగు ఏ బ్యాంకూ ఇవ్వలేదు.

మామ్మ పోయాక పెద్ద కర్మ అయిన వారానికి మేము ఊళ్ళో తిరిగి లెక్క తీశాం. ఇంట్లో ఒంటరిగా ఉంటున్న ముసలి ఆడవాళ్ళు మా గ్రామ సంఘం పరిధిలో 17 మంది. ఇద్దరు మంచంలోనే ఉన్నారు. వీళ్ళకు మామ్మకున్నట్టు ఉద్యోగం పింఛను లేదు, నెలనెలా వచ్చే వృద్ధాప్య పింఛనే. అందులోంచి వంతు కూలి ఇమ్మని అడగలేం. అందుకని మా గ్రామ సంఘంలో తీర్మానం చేశాం. 14 సంఘాలు, 152 మంది సభ్యులం, మనిషికి నెలకు 20 రూపాయలు. నెలకు 3,040 వస్తుంది. అది రాత్రి వంతులకు పదిహేను రాత్రులకు సరిపోతుంది. నెలకు రాత్రులు ముప్ఫై. మిగతా పదిహేను రాత్రులు ఇప్పుడు చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు, కొన్ని రాత్రులు ఎవరూ లేరు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాం.

సమాఖ్యను మేము అడిగేది రెండు. మేము జమ చేసినంత సమాఖ్య నిధి నుంచి కూడా జమ చేస్తే ముప్ఫై రాత్రులూ నిండుతాయి. ఒక ఏడాది చేసి చూడండి, లెక్కలు మేము నెలనెలా పంపుతాం. రెండోది, మంచం పట్టిన మనిషిని చూసుకునే పని ప్రతి గ్రామ సంఘం నుంచి ఇద్దరికి నేర్పించే శిక్షణ. పీహెచ్‌సీ స్టాఫు నర్సు గారిని అడిగాం, రెండు రోజులు వస్తానన్నారు. ఆ రెండు రోజులూ వచ్చినవాళ్ళకు కూలి ఇవ్వాలి. ఇది సేవ కింద రాయొద్దని మా మనవి, మామ్మ పేరు మీద అడుగుతున్నాం. కొందరికి ఇది సంఘాల పని కాదు, పొదుపూ అప్పూ చూసుకుంటే చాలు అనిపించవచ్చు. మా అమ్మల పుస్తకంలో ఆ "ఎందుకు" గడి చూసి తర్వాత చెప్పండి.

ఆఖరుగా ఒక ప్రకటన. మామ్మ పుస్తకాలు ఏడూ మనవరాలు గ్రామ సంఘానికి అప్పగించింది. చెదలు పట్టకుండా రెండు కాపీలు జిరాక్స్ తీయించాం, ఒకటి మా ఆఫీసు బీరువాలో, ఒకటి సబ్‌సెంటరులో ఉంది. 1957 నుంచి 1994 వరకు మా ఊళ్ళోగానీ చుట్టుపక్కల లంకల్లోగానీ మీరో, మీ అక్కచెల్లెళ్ళో పుట్టి ఉంటే మీ పేజీ అందులో ఉండవచ్చు. సోమవారం, గురువారం మా వీఓఏ ఆఫీసులో ఉంటుంది, పదింటి నుంచి ఒంటి గంట దాకా. తల్లి పేరు, ఊరు, సుమారు ఏడాది చెప్తే వెతికి పెడుతుంది. కాగితానికి రెండు రూపాయలు జిరాక్స్ ఖర్చు. మూడో పుస్తకంలో చుక్కలున్న నంబర్ల గురించి మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఎవరికైనా ఏమైనా గుర్తుంటే, దయచేసి వాళ్ళను తీసుకురండి. పక్కన రాసుకోవడానికి ఖాళీ వదిలి పెట్టాం.